ఇస్త్రీవాళ్ళింట్లో చుట్టం

ఎవరింటికైనా చుట్టం వస్తే ఇంటాయన హడావుడి పడతాడు. ఇస్త్రీవాళ్ళింట్లో మాత్రం ఇంటాయనే చుట్టం.

ఆయన లారీ నడుపుతాడు. సరుకేసుకుని వెళితే పదిహేను రోజులకు గానీ తిరిగిరాడు. వచ్చినా రెండు రోజులకు మించి ఉండడు. అందుకని ఆయన వస్తున్నాడంటే ఆ ఇంటికి ఎక్కడలేని కళ వచ్చేది. మంచం మీద ఉతికిన దుప్పటి పడేది. అలమర పైనుంచి పువ్వుల గాజు గ్లాసు కిందికి దిగేది. కూతురు పుస్తకం తలకిందులుగా పట్టుకునైనా చదువుతూ కనిపించేది. పొయ్యి మీద గుమ్మడికాయ కూర ఉడికేది, ఆయనకి ప్రాణమని. వీటన్నిటికన్నా పెద్ద విశేషం, ఆ రెండు రోజులూ అత్తా కోడలూ మాట్లాడుకునేవాళ్ళు.

మిగతా రోజుల్లో మాటల్లేవు. మూడేళ్ళుగా అంతే.

వాళ్ళ ఇంటి ముందు రేకుల పంచ ఉంది. పంచలో ఇస్త్రీ బల్ల, దాని పక్కన బొగ్గుల బస్తా, ఓ ప్లాస్టిక్ కుర్చీ. ఆ బల్ల దగ్గర ముప్ఫయ్యేళ్ళు నిలబడింది అత్తగారు. మోకాళ్ళు మొరాయించాక పెట్టె కోడలి చేతికిచ్చి తను కుర్చీలో కూర్చుంది. కూర్చుందన్నమాటే గానీ చూపు బల్ల మీదనుంచి లేవలేదు. వీధిలో జనం అత్తగారిని పెద్ద ఇస్త్రీ అనీ కోడల్ని చిన్న ఇస్త్రీ అనీ అనేవాళ్ళు. ఆ చిన్న అన్న మాట కోడలికి కాలి చెప్పులో రాయిలా ఉండేది.

మూడేళ్ళ కిందట ఒకరోజు బ్యాంకు గుమస్తా చొక్కా కోసం వచ్చి నిలబడ్డాడు. కోడలు మడతపెట్టి ఇవ్వబోతుంటే అత్తగారు కుర్చీలోంచి లేచి, చొక్కాని దారిలోనే అందుకుని, విప్పి, దులిపి, నీళ్ళు చిలకరించి, మళ్ళీ ఇస్త్రీ చేసి, తన పద్ధతిలో మడిచి ఇచ్చింది. నోటితో ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఇస్త్రీ చేసిన మనిషి ఎదుటే ఆ బట్టని మళ్ళీ ఇస్త్రీ చెయ్యడమంటే, వడ్డించిన అన్నాన్ని కంచంలోంచి తీసి మళ్ళీ పొయ్యి మీద పెట్టడమే. రెండు రోజులు వీధి అదిరిపోయేలా అరుచుకున్నారు.

సరిగ్గా ఆ రెండో రోజున డ్రైవరు బండి దిగాడు. గుమ్మంలోనే సంచీ కిందపడేసి అన్నాడు: "దారి పొడుగునా హారన్లు విని చచ్చి ఇంటికొస్తే ఇక్కడా హారన్లేనా? ఇంకోసారి మీ ఇద్దరి గొంతూ ఇలా వినబడిందంటే అమ్మని తీసుకెళ్ళి చెల్లెలింట్లో దింపేస్తా. ఎలాగూ నా దారిలోదే."

ఆయన అన్నాడంటే చేస్తాడు. ఎక్కువ వాగాడని క్లీనర్ని సగం దారిలో దింపేసి వచ్చిన ఘనుడు.

ఆడపడుచు ఉండేది ఆరో అంతస్తులో. అత్తగారికి లిఫ్టంటే ప్రాణభయం. అక్కడినుంచి వీధి చూస్తే మనుషులు చీమల్లా కనిపిస్తారు, చీమల్ని ఎవరు పలకరిస్తారు? వచ్చేపోయేవాళ్ళని నలుగుర్ని పట్టుకుని ఇంటి గుట్లు నాలుగు లాగకపోతే ఆవిడకి తిన్నది అరగదు. అందుకని నోరు మూసుకుంది. కోడలు కూడా మూసుకుంది. ఇరుగమ్మ, పొరుగమ్మ చెవి కొరికారు: "పిచ్చిదానా, ఆయన ఉన్నప్పుడు ఒక్కసారి గొంతు విప్పు, పీడ విరగడైపోతుంది." కోడలు వినలేదు. ఎందుకు వినలేదో చెప్పనూ లేదు. బొగ్గుల్ని ఇంకాస్త గట్టిగా విసురుకునేది, అంతే.

ఆయన లేనప్పుడు కబుర్లన్నీ కూతురి ద్వారా నడిచేవి.

"అమ్మా, నాన్నమ్మ కూరలో ఉప్పెక్కువైందంటోంది."

"నీళ్ళు పోసుకోమను."

"నాన్నమ్మా, అమ్మ..."

"వినపడింది లేవే, నాకేం చెవుడు లేదు."

ఆయన ఉన్న రెండు రోజులూ మాత్రం "అత్తయ్యా" అంటే "ఏం తల్లీ" అనుకుంటూ ఒకరి మీద ఒకరు తేనె ఒలకబోసుకునేవాళ్ళు. రెండు రోజులే కదా, ఎలాగో నెట్టుకొచ్చేవాళ్ళు. బండి వీధి మలుపు తిరగ్గానే ఇద్దరూ ఒక్కసారిగా ఊపిరి వదిలి చెరో పక్కకీ తిరిగిపోయేవాళ్ళు.

అలాంటి ఇంటి మీదికి మహమ్మారి వచ్చిపడింది.

యజమాని షెడ్డులో లారీ పెట్టేసి, మూతికి రుమాలు కట్టుకుని డ్రైవరు ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే సబ్బుతో మోచేతులదాకా రుద్దుకుంటూ, "ఈసారి తీరిగ్గా ఉంటాను. ఈ బందు ఎన్నాళ్ళో సర్కారుకే తెలీదట," అని నవ్వాడు. లోపల అత్తా కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడేళ్ళలో వాళ్ళిద్దరూ ఒకే మాట అనుకున్నది అప్పుడే. ఇప్పుడెలా?

మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారానికి అత్తగారి దగ్గర మెచ్చుకోలు మాటలు నిండుకున్నాయి. పొద్దున అన్న "బంగారు తల్లి"నే మధ్యాహ్నం మళ్ళీ వెచ్చబెట్టి వడ్డించేది. కోడలికి నవ్వి నవ్వి దవడలు పీకేవి. మొహం కడుక్కునే వంకతో పెరట్లో కుళాయి దగ్గరికి పోయి కాసేపు మొహం ముడుచుకుని, సేదదీరి లోపలికి వచ్చేది. ఒక్కోసారి అక్కడికి అత్తగారు ముందే చేరి మొహం ముడుచుకుని ఉండేది. అప్పుడు కోడలు తన వంతు కోసం గోడవారగా నిలబడేది.

డ్రైవరు సంగతీ అలాగే ఉంది. రోడ్డు మీద బతికినవాడికి ఇల్లు కొలతకు సరిపోలేదు. కుర్చీలోంచి లేచేముందు కుడీ ఎడమా చూసుకునేవాడు. వంటగది మలుపులో ఎవరైనా ఎదురైతే నోటితోనే "పాం పాం" అనేవాడు. పొద్దున్నే కర్ర తీసుకుని కూతురి సైకిలు టైర్ల మీద కొట్టి గాలి చూసేవాడు. ఇంజను చప్పుడు లేకపోతే మధ్యాహ్నం కునుకు పట్టదని, ఫ్యాను రెక్కకి అట్టముక్క కట్టించుకుని, అది టపటపలాడుతుంటే హాయిగా గురక పెట్టేవాడు. పిల్లకి అదే సమయంలో ఫోన్లో బడి. టీచరమ్మ ఒకరోజు అడిగింది: "మీ ఇంటి దగ్గర హెలికాప్టరు దిగుతోందా అమ్మా?"

ఒక మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని గుమ్మడికాయ కూర చూసి ఆయన చేతులు జోడించాడు.

"ఒక్క మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. నాకు గుమ్మడికాయ పడదు."

కోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. "పడదా? ఇన్నేళ్ళూ లొట్టలేసుకుంటూ తిన్నారుగా!"

"రెండు రోజులే కదా అని తినేవాణ్ణి. ప్రేమగా చేసిందాన్ని వద్దంటే బాగుండదని."

"నాయనా, చిన్నప్పుడు ఇష్టంగా తినేవాడివి కదరా!" అంది అత్తగారు.

"తిన్నది చెల్లెలమ్మా, నేను కాదు!"

ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వారు. నవ్వుతూనే కోడలికి ఓ మెలిక తట్టింది. చుట్టమైనవాడు కూడా ఇన్నాళ్ళూ మర్యాద కొద్దీ నటిస్తున్నాడన్నమాట. ఇంతకీ ఆ ఇంట్లో ఎవరు ఎవరి కోసం నటిస్తున్నట్టు?

పంచలో పని తగ్గింది గానీ పూర్తిగా ఆగలేదు. ఫోన్లో పాఠాలు చెప్పే మాస్టార్లూ, ఫోన్లో మీటింగులు పెట్టే ఆఫీసరూ చొక్కాలు పంపేవాళ్ళు, గేటుకి సంచీ తగిలించి దూరంగా జరిగిపోయేవాళ్ళు. చొక్కాలే వచ్చేవి, పాంట్లు రావడం మానేశాయి. నడుం కింద లోకానికి ఇస్త్రీతో పని లేకుండా పోయింది. కోడలు ఆ నాలుగు చొక్కాలే నెమ్మదిగా, ముద్దుగా చేసేది. డ్రైవరు పక్కన చేరి చూసి మురిసిపోయేవాడు.

"ఏం మడతే! అద్దంలా ఉంది," అనేవాడు.

"మా అత్తయ్య చేతి మడత ముందు నాదెంతండీ! ఆవిడ ముట్టుకుంటేగానీ చొక్కాకి మోక్షం రాదు," అనేది కోడలు.

"అయ్యో, నా కోడలు పెట్టె పట్టుకుందంటే బట్టలు భయంతో వాటంతటవే సాపైపోతాయి నాయనా," అనేది అత్తగారు కుర్చీలోంచి.

నివురు కింద నిప్పు అలా చిటపటలాడుతుంటే, ఆయన మాత్రం, "మిమ్మల్ని చూసి వీధి వీధంతా నేర్చుకోవాలి," అని పొంగిపోయేవాడు.

ఇంకో రోజు డ్రైవరు కూరగాయల వరసలో నిలబడ్డానికి వెళ్ళాడు. పిల్ల లోపల ఫోన్లో బడికెళ్ళింది. పంచలో అత్తా కోడలూ తప్ప పురుగు లేదు. రేకుల సందులోంచి ఎండ వచ్చి ముసలావిడ మోకాళ్ళ మీద పడింది.

"అత్తయ్యా, ఎండ పడుతోంది. కుర్చీ ఇటు లాక్కోండి," అంది కోడలు.

అనేశాక ఉలిక్కిపడి గుమ్మంవైపు చూసింది. అత్తగారు కూడా కొడుకు వచ్చాడేమోనని మెడ సాచి చూసింది. ఎవరూ లేరు. ముసలావిడ కిమ్మనకుండా కుర్చీ నీడలోకి లాక్కుంది. కాసేపటికి గాలితో చెప్పినట్టుగా, "బొగ్గులు చెమ్మగిల్లాయి. ఎండబెడితే గానీ రాజుకోవు," అంది.

కోడలికి తనమీద తనకే ఒళ్ళు మండింది. చూసేవాళ్ళు లేనప్పుడు కూడా నోరు అలా పోవడమేమిటి, పాడు అలవాటు కాకపోతే! అయినా బొగ్గులు తీసుకెళ్ళి ఎండలో పోసింది.

ఇంతలో ఆడపడుచు కూతురి పెళ్ళి వచ్చింది. వాళ్ళింట్లోనే పదిమంది మధ్య, మిగతా చుట్టాలంతా ఫోన్లో చూడాలని కబురు. పిల్ల ఫోన్ని పంచలో చెంబుకి ఆనించి నిలబెట్టి ముందే కలిపేసింది. తెరనిండా చిన్న చిన్న గళ్ళు, గడికో కుటుంబం. డ్రైవరు బనీనుతో పంచలోకొచ్చాడు.

"ఆ తెల్ల చొక్కా త్వరగా లాగించు. మేనమామని, ముందు వరసలో కనిపించాలి."

కోడలు చొక్కా పరిచి దాని చెయ్యి మీద పెట్టె పెట్టింది. ముందు చేతులు, ఆఖర్న కాలరు, అది ఆమె పద్ధతి. అత్తగారు చూసింది. ఊరుకుందామనే అనుకుంది. పంటి బిగువున ఊరుకుంది కూడా. కానీ మనవరాలి పెళ్ళి, కన్నకొడుకు చొక్కా. ఆపుకోలేక లేచి వచ్చి చొక్కా కాలరు పట్టుకుంది.

"ముందు కాలరమ్మా, బంగారు తల్లీ."

"వదలండి అత్తయ్యా, చెయ్యి కాలుతుంది," అంది కోడలు పళ్ళ మధ్యనుంచి నవ్వుతూ.

"చేతులు ముందు చేసే ఇస్త్రీ ఎక్కడైనా ఉందా?"

"కాలరు ముందు చేస్తే చేతులు తిప్పేటప్పుడు నలగదూ?"

"ముప్ఫయ్యేళ్ళు నలగలేదు!"

"ముప్ఫయ్యేళ్ళూ నలిగింది! చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది!"

నవ్వులు ఊడి కింద పడ్డాయి. చొక్కా అటూ ఇటూ సాగింది.

"ఆ గుమస్తా ముందు మీరు నా పరువు తీసినప్పుడే..."

"వీపు మీద బెత్తెడు ముడత పెట్టుకుని ఇవ్వబోతే చూస్తూ ఊరుకోవాలా?"

"అది ముడత కాదు, కుట్టు! ఆ చొక్కాకి అక్కడ కుట్టు ఉంది!"

అత్తగారి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. "కుట్టా?"

"కుట్టే! రెండు వారాలకోసారి తెచ్చేవాడు, కావాలంటే అడగండి!"

"మరి... మూడేళ్ళబట్టీ ఈ ముక్క చెప్పవేం?"

"మాటలుంటే కదా చెప్పడానికి!"

అప్పుడు వచ్చింది వాసన. పెట్టె చొక్కా మీదే ఉండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క గుడ్డ కాల్చని ఇద్దరు ఆడవాళ్ళ మధ్య, తెల్ల చొక్కా వీపున నల్లటి పడవ ఒకటి తేలింది.

"వదినా," అంది ఫోనులోంచి ఆడపడుచు గొంతు, "మీరు మాట్లాడుకునేవన్నీ ఇక్కడ పెళ్ళిలో వినబడుతున్నాయి. పెళ్ళికొడుకు నాన్నగారు అడుగుతున్నారు, ఇంతకీ చేతులు ముందా, కాలరు ముందా అని."

పిల్ల పరిగెత్తి ఫోను నోరు మూసింది.

డ్రైవరు మేనకోడలి పెళ్ళి రంగు వెలిసిన టీషర్టుతోనే చూశాడు. పెళ్ళి అయ్యాక అడిగాడు: "మూడేళ్ళుగా మాటల్లేవా?"

పిల్ల తల ఊపింది.

"అంటే, నేనొచ్చినప్పుడల్లా నాటకమా? నేనేమో బండిలో కూర్చుని, నా ఇల్లంత చల్లగా ఎవరి ఇల్లూ ఉండదని అందరికీ చెప్పుకుంటున్నానే!" ఆయన గొంతులో కోపం కన్నా చిన్నబుచ్చుకోవడం ఎక్కువ వినబడింది. "నేను అప్పుడే చెప్పాను కదా. అన్నమాట ప్రకారం చేస్తాను."

నాలుగు రోజులకే సరుకు లారీలు తిప్పుకోవచ్చని అనుమతి వచ్చింది. కాగితంలో ఇద్దరికి చోటుంది. క్లీనరు భయపడి రానన్నాడు.

"అమ్మా, రేపు పొద్దున బయలుదేరుదాం. చెల్లెలికి చెప్పేశాను," అన్నాడు.

ముసలావిడ బతిమాలలేదు. మూట కట్టుకుంది. కట్టేటప్పుడు ఎవరి సాయమూ ఒప్పుకోలేదు. పొద్దున్నే తలదువ్వుకుని, మాస్కు పెట్టుకుని, మూట పక్కన పెట్టుకుని ఇస్త్రీ బల్ల దగ్గరి కుర్చీలో కూర్చుంది. వీధిలో పలకరించడానికి ఒక్క మనిషైనా లేడు. అయినా మలుపు వరకూ చూస్తూనే ఉంది.

కోడలు గుమ్మంలో నిలబడింది. ఇరుగుపొరుగు కిటికీల్లోంచి తొంగిచూస్తున్నారు. పీడ విరగడవుతోంది, ఇక నోరు మెదపకుండా ఉంటే చాలు. డ్రైవరు వంగి మూట ఎత్తబోయాడు.

"అది కింద పెట్టు," అంది కోడలు.

"ఏంటి?"

"కింద పెట్టమన్నాను. ఎవర్నడిగి తీసుకుపోతున్నావ్?"

"మీకు పడదు కదే! అందుకే కదా..."

"పడదు. ఎవరన్నారు పడుతుందని? ఆవిడ పద్ధతి నాకు నచ్చదు, నా పద్ధతి ఆవిడకి నచ్చదు. నేను చొక్కా చేస్తుంటే ఆవిడ కళ్ళు నా చేతి మీదే ఉంటాయి. ఆ కళ్ళున్నాయనే నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తాను. ఆవిడ లేకపోతే ఎవరి మీద పంతంతో చెయ్యమంటావ్? నెలకి నాలుగు రోజులుండే మనిషివి, మిగతా రోజులు ఈ ఇంట్లో నాతో ఎవరుంటున్నారనుకున్నావ్? మాట్లాడకపోతే మనుషులు లేనట్టా? అలిగినవాళ్ళనల్లా ఆరో అంతస్తుకి పంపేస్తే, నువ్వు గుమ్మడికాయ దగ్గర అబద్ధాలాడినందుకు నిన్నెక్కడికి పంపాలి?"

డ్రైవరు చేతిలోంచి మూట జారింది. ముసలావిడ కుర్చీలో నిటారుగా కూర్చుంది. కళ్ళు చెమ్మగిల్లాయేమోనని కోడలు అటు చూసింది. చెమ్మా లేదు, గిమ్మా లేదు.

"చూశావురా నాయనా," అంది ముసలావిడ, "నీ ఎదురుగానే నువ్వు నువ్వంటోంది! ఏకవచనం! కన్నతల్లిని, నేనే నాయనా అని గౌరవంగా పిలుస్తాను. మొగుణ్ణి ఇలా కసిరే ఆడదాన్ని ఎక్కడా చూడలేదు."

"మీ తరఫున మాట్లాడితే కూడా తప్పేనా!"

"ఎవరు మాట్లాడమన్నారు? నేను వెళ్ళనని చెప్పడానికి నాకు నోరు లేదా?"

"ఉంటే నాలుగు రోజులనుంచి ఏం చేస్తున్నారు, దాచుకున్నారా?"

"నువ్వు ఉండమని అడుగుతావేమోనని చూశాను!"

డ్రైవరు ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశాడు. తరవాత నవ్వొచ్చి, మాస్కు కింద దాచుకుని, తన సంచీ ఒక్కటే తీసుకుని వీధిలోకి నడిచాడు. వెనకాల అన్నం డబ్బా ఎవరు ఇవ్వడం మరిచిపోయారన్న తగువు మొదలైంది. పిల్ల డబ్బా పట్టుకుని పరిగెత్తింది.

పిల్ల మూటని లోపలికి లాక్కొచ్చి పెట్టింది గానీ, అది గది మధ్యలోనే ఉండిపోయింది. "ఆపినవాళ్ళే విప్పాలి," అంది అత్తగారు. "కట్టినవాళ్ళే విప్పుకోవాలి," అంది కోడలు. మధ్యాహ్నందాకా ఇద్దరూ దాని చుట్టూ తిరిగి నడిచారు. సాయంత్రం కోడలు తల దువ్వుకుందామని వెతికితే దువ్వెన కనబడలేదు. అలమరలో లేదు, కిటికీలో లేదు. ఆఖరికి అనుమానమొచ్చి మూట ముడి లాగింది. రెండు చీరల మధ్య దువ్వెన ఉంది. దాని పక్కనే ఆమె తువ్వాలు, ఆమె అద్దం, పిల్ల చిన్నప్పటి గౌను.

"నా సామానంతా మీరు మూటగట్టారేంటి?"

"నీదేంటి? దువ్వెన కొన్నది నా కొడుకు."

"అద్దం నేను కొనుక్కున్నాను!"

"అక్కడ నాకు అద్దం ఎవరిస్తారు?" అంది ముసలావిడ, చీరలు ఒక్కొక్కటే అందుకుని అలమరలో తన అరలోకి సర్దుతూ. "ఆ గౌను ఇటియ్యి. అలా కాదు మడత పెట్టేది."